కరెంటు పోయినా కెపాసిటర్‌లో పోదు
మోటారు డబ్బాలోని ఈ చిన్న గొట్టం ఏం చేస్తుంది? రైతు తెలుసుకోవలసిన సంగతులు



మీ బోరు దగ్గర స్టార్టర్ డబ్బా తలుపు ఒకసారి తీసి చూడండి. చెయ్యి పెట్టొద్దు, చూడండి చాలు. ఫ్యూజులు, కాంటాక్టర్, రిలే మధ్యలో అల్యూమినియం డబ్బీలాగానో, నల్లని ప్లాస్టిక్ గొట్టంలాగానో ఒకటి కనిపిస్తుంది. దాన్ని మెకానిక్కులు 'కండెన్సర్' అంటారు. కరెంటాఫీసు వాళ్లు 'కెపాసిటర్' అంటారు. రెండూ ఒకటే. కొందరి డబ్బాల్లో అది ఉండదు. ఇంకొందరి డబ్బాల్లో ఉంటుంది గానీ వైర్లు ఊడదీసి ఉంటాయి. "అది ఉంటే మోటారు కాలుతుందన్నారండీ, అందుకే తీసేశాం" అంటారు.

చాలా ఏళ్ల కిందట మా నాన్నగారి బావి దగ్గర సింగిల్ ఫేజ్ మోటారు గుయ్‌మని మూలుగుతూ తిరక్కపోతే, నేనే డబ్బా విప్పాను. మెయిన్ ఆపాను, ఫ్యూజులు పీకాను. ఇక భయమేమిటని స్టార్టింగ్ కండెన్సర్ ఊడదీసి చేతిలో పట్టుకున్నాను. బొటనవేలు రెండు కొనలకూ తగిలింది. మోచేతి దాకా కొట్టిన దెబ్బకు నాలుగడుగులు వెనక్కి పడ్డాను. చేతిలోని స్క్రూడ్రైవర్ బావిలో పడింది. నేను పడకపోవడం నా అదృష్టం. లైన్లో కరెంటు లేదు, డబ్బాలో ఫ్యూజు లేదు. మరి ఆ షాకు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే కెపాసిటర్ మోటారుకు ఎందుకు మంచిదో, మనిషికి ఎందుకు ప్రమాదమో రెండూ తెలుస్తాయి.

లోపల ఏముంది?

రెండు లోహపు రేకులు, వాటి మధ్య కరెంటును పోనివ్వని ఒక పొర. కెపాసిటర్ అంటే ఇంతే. పూర్వం మధ్యలో కాగితం వాడేవారు. ఇప్పటి చాలా మోటారు కెపాసిటర్లలో పల్చని ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత వేసి, చాప చుట్టినట్లు చుట్టి డబ్బీలో పెడతారు. చుట్ట విప్పితే మూరలకొద్దీ పొడవు వస్తుంది. రేకుల వైశాల్యం పెరిగేకొద్దీ, మధ్య పొర పల్చనయ్యేకొద్దీ ఎక్కువ విద్యుత్తు పడుతుంది.

దీనికి కరెంటు ఇచ్చినప్పుడు ఒక రేకు మీద ఎలక్ట్రాన్లు పోగవుతాయి. రెండో రేకు మీద నుంచి అన్నే ఎలక్ట్రాన్లు వెళ్లిపోతాయి. ఒకవైపు రుణావేశం, రెండోవైపు ధనావేశం. ఈ రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కలుద్దామంటే మధ్యలో పొర అడ్డం. అందువల్ల ఎదురెదురుగా అలాగే నిలబడిపోతాయి. అప్పుడు మీరు వైరు తీసేసినా అవి ఎక్కడికీ పోవు. బయటి నుంచి రెండు కొనలనూ కలిపే దారి దొరికిన మరుక్షణం ఒక్కసారిగా పరుగెత్తుతాయి. ఆ దారి వైండింగ్ కావచ్చు, బల్బు కావచ్చు, నా బొటనవేలు కూడా కావచ్చు.

దీన్ని మన బోరు పక్కన కట్టుకునే తొట్టితో పోల్చుకోండి. సన్నగా పోసే బోరు నీటిని నేరుగా కాలువకు వదిలితే చివరి మడికి చేరదు. తొట్టి నింపి ఒక్కసారి తూము తీస్తే చివరిదాకా పారుతుంది. తొట్టి కొత్తగా నీటిని పుట్టించదు. పోసిన నీళ్లను ఆపి, కావలసినప్పుడు వేగంగా వదులుతుంది. కెపాసిటర్ కూడా కరెంటును పుట్టించదు, దాచి వదులుతుంది.

ఇంట్లో దోమల బ్యాట్ ఉంటే అందులోనూ ఇదే ఉంది. స్విచ్ వదిలేశాక కూడా కాసేపటి వరకు దోమ తగిలితే టప్‌మంటుంది. లోపలి కెపాసిటర్‌లో మిగిలిన విద్యుత్తు పనే అది.

ఈ సంగతి మొదట బయటపడింది కూడా షాకుతోనే. 1745లో జర్మనీలో క్లైస్ట్ అనే ఆయన, 1746లో హాలండ్ దేశంలోని లైడెన్ నగరంలో ముషెన్‌బ్రూక్ అనే ఆచార్యుడు వేర్వేరుగా గాజు సీసాలో విద్యుత్తు పట్టబోయి గట్టి దెబ్బ తిన్నారు. ఆ సీసాకు 'లైడెన్ జాడీ' అని పేరు వచ్చింది. అదే మన కెపాసిటర్‌కు ముత్తాత. కెపాసిటర్ కొలతకు 'ఫారడ్' అన్న పేరు ఇంగ్లండుకు చెందిన మైకేల్ ఫారడే గౌరవార్థం పెట్టారు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు, కుర్రతనంలో పుస్తకాలు బైండు చేసే పని నేర్చుకున్నవాడు.

ఎంత పడుతుంది?

ఫారడ్ చాలా పెద్ద కొలత. మన కెపాసిటర్ల మీద మైక్రోఫారడ్లలో రాసి ఉంటుంది. మైక్రోఫారడ్ అంటే ఫారడ్‌లో పది లక్షల వంతు. ఇంట్లో సీలింగ్ ఫ్యానుకు సాధారణంగా 2.5 మైక్రోఫారడ్లది వేస్తారు. సింగిల్ ఫేజ్ మోటారుకు పదుల మైక్రోఫారడ్లలో ఉంటుంది.

లెక్క తేలిక. కెపాసిటర్ సైజును వోల్టేజితో గుణిస్తే అందులోని ఆవేశం వస్తుంది. మనం 230 వోల్టులంటాం గానీ ఏకాంతర విద్యుత్తు ప్రతి అలలోనూ 325 వోల్టుల దాకా ఎక్కి దిగుతుంది. సరిగ్గా ఆ శిఖరం దగ్గర లైను తెగిందనుకోండి, 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో 0.016 కూలుంబుల ఆవేశం ఉండిపోతుంది. ట్రాక్టరుకు వేసే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలోనైతే 3 లక్షల 60 వేల కూలుంబులు. అంటే బ్యాటరీ చెరువైతే కెపాసిటర్ చెంబెడు కూడా కాదు. అందులోని శక్తి కిలో రాయిని జానెడుకు కాస్త పైకి ఎత్తేంత మాత్రమే.

ఇంత కొంచెమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. బ్యాటరీలో 12 వోల్టులే ఉంటాయి, తడి లేని చేతికి తెలియదు. కెపాసిటర్‌లోనిది 325 వోల్టుల ఒత్తిడితో, రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో దూసుకొస్తుంది. బావి గట్టు మీద, తడి నేల మీద, నిచ్చెన మీద ఉన్నవాడికి ఆ ఉలికిపాటే చాలు. త్రీ ఫేజ్ కెపాసిటర్‌లోనైతే ఆ శిఖరం 587 వోల్టులు.

ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది?

మంచి కెపాసిటర్ తయారుచేసేవాళ్లు రెండు కొనల మధ్య ఒక 'రెసిస్టర్' పెడతారు. తొట్టి అడుగున సూదిబెజ్జం లాంటిది. లైను తీసేశాక దాని గుండా విద్యుత్తు మెల్లగా కారిపోతుంది. 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు పది లక్షల ఓమ్‌ల రెసిస్టర్ ఉందనుకుంటే, ప్రతి 50 సెకన్లకూ వోల్టేజి అంతకుముందున్న దాంట్లో సుమారు 37 శాతానికి పడిపోతుంది.

స్విచ్ తీసిన క్షణాన: 325 వోల్టులు
50 సెకన్లకు: సుమారు 120
100 సెకన్లకు: 44
150 సెకన్లకు: 16
200 సెకన్లకు: 6
250 సెకన్లకు: 2

అంటే నాలుగు నిమిషాలు దాటితే గండం గడిచినట్లు. అందుకే 'డబ్బా ముట్టుకునే ముందు కనీసం అయిదు నిమిషాలు ఆగండి' అంటారు. కానీ ఒక మెలిక ఉంది. ఆ రెసిస్టర్ కాలిపోయి ఉండవచ్చు, చవక సరుకులో అసలు పెట్టి ఉండకపోవచ్చు. అప్పుడు గంటలు గడిచినా దెబ్బ కొట్టగలదు. కాబట్టి అయిదు నిమిషాలు ఆగడం ఒక్కటే చాలదు. మిగతాది చివర చెబుతాను.

సింగిల్ ఫేజ్ మోటారుకు ఎందుకు?

సింగిల్ ఫేజ్ కరెంటుకు మోటారును తనంతట తాను తిప్పి మొదలెట్టే గుణం లేదు. అటూ ఇటూ లాగుతుంది గానీ చుట్టూ తిప్పదు. అందుకని మోటారులో రెండో వైండింగ్ చుట్టి, దానికి కెపాసిటర్ గుండా కరెంటు ఇస్తారు. కెపాసిటర్ నిండుతూ ఖాళీ అవుతూ ఉండడం వల్ల ఆ వైండింగ్‌లో కరెంటు, మొదటి దాని కన్నా సుమారు పావు అల ముందుగా నడుస్తుంది. తిరగలిని ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు అందుకుని తిప్పినట్లన్న మాట. అప్పుడు మోటారు తిరుగుతుంది.

మోటారు మూలుగుతూ తిరక్కపోతే ముందుగా అనుమానించవలసింది కెపాసిటర్‌నే. అలాగే ఉంచితే కొద్ది నిమిషాల్లో వైండింగ్ వేడెక్కి మాడిపోతుంది. వెంటనే ఆపెయ్యండి. బోరు మోటారు డబ్బాల్లో తరచుగా రెండు కెపాసిటర్లుంటాయి. స్టార్టింగ్‌ది పెద్దది, రెండు మూడు సెకన్లే పని చేయాలి. రన్నింగ్‌ది చిన్నది, మోటారు నడిచినంతసేపూ ఉంటుంది. బటన్ నొక్కి పట్టే రకమైతే మోటారు అందుకోగానే వదలండి. ఎక్కువసేపు పట్టుకుంటే స్టార్టింగ్ కెపాసిటర్ ఉబ్బి పేలుతుంది.

మార్చేటప్పుడు పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ల అంకే కొత్తదాని మీద ఉండాలి. వోల్టేజి అంకె తగ్గకూడదు. రన్నింగ్ కెపాసిటర్ మీద లైను కన్నా ఎక్కువ వోల్టేజి పడుతుంది, అందుకే సాధారణంగా 440 వోల్టుల రకం వాడతారు. "పెద్దది వేస్తే బాగా లాగుతుంది" అన్న మాట నమ్మితే వైండింగ్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

త్రీ ఫేజ్ మోటారుకు ఎందుకు?

త్రీ ఫేజ్ మోటారు కెపాసిటర్ లేకుండానే తిరుగుతుంది. అందుకే రైతులు "మరి ఇది దండగ కదా" అంటారు. కాదు.

మోటారు రెండు పనులకు కరెంటు లాగుతుంది. ఒకటి నీళ్లెత్తే పనికి. అది ఖర్చయిపోతుంది. రెండోది లోపల అయస్కాంతం తయారు చేసుకోవడానికి. అది ఖర్చు కాదు. మోటారు దాన్ని చేబదులుగా తీసుకుని తిరిగి ఇచ్చేస్తుంది, మళ్లీ తీసుకుంటుంది. ప్రతి ఫేజులోనూ సెకనుకు 100 సార్లు ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. కెపాసిటర్ లేకపోతే ఆ చేబదులు ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఎక్కడో దూరం నుంచి రావాలి, పోవాలి. లైను మీద ఈ రాకపోకల బరువు అదనం.

మోటారు పక్కనే కెపాసిటర్ ఉంటే? మోటారు అడిగిన వేళకు కెపాసిటర్ విడుదల చేస్తుంది, మోటారు తిరిగిచ్చే వేళకు దాచుకుంటుంది. చేబదులుకు పట్నం వెళ్లక్కర్లేకుండా పక్కింట్లోనే దొరికినట్లు.

లెక్క చూద్దాం. 5 హెచ్.పి. మోటారు నిండు లోడుతో నడుస్తోంది. సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.75 అనుకుందాం. అది 415 వోల్టుల లైను నుంచి సుమారు 8.6 ఆంపియర్లు లాగుతుంది. 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ పెడితే లైనులో 7.1 ఆంపియర్లే వస్తాయి. నీళ్లు అవే. తీగల్లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక ఈ మోటారు వల్ల లైనులో పోయే నష్టం మూడో వంతు దాకా తగ్గుతుంది.

ఇప్పుడు 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. కెపాసిటర్ లేని ఇలాంటి మోటార్లు నాలుగు కలిస్తే సుమారు 24.9 కె.వి.ఎ. అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అంచున నిలబడినట్లు. అయిదోవాడు తగిలిస్తే పొంగుతుంది. నాలుగింటికీ కెపాసిటర్లుంటే 20.5 దగ్గరే ఆగుతుంది. పొట్టకొచ్చిన వరి ఎండుతుంటే కాలిన ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ తిరిగిన రైతుకు ఈ తేడా విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

ఉచిత కరెంటుకు కెపాసిటర్ ఎందుకు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆ తర్వాత దానికి కొన్ని పొదుపు షరతులు చేర్చారు. తగిన సైజు కెపాసిటర్, ఒరిపిడి తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపులు, ఐ.ఎస్.ఐ. గుర్తున్న పంపుసెట్టు పెట్టుకోవాలన్నారు. చాలామంది షరతు కోసం కెపాసిటర్ తగిలించి, అధికారులు వెళ్లాక మరిచిపోయారు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కెపాసిటర్ వల్ల మోటారు వాడుకునే యూనిట్లు పెద్దగా తగ్గవు. 'పవర్ సేవర్' పేరుతో ఇళ్లకు అమ్మే డబ్బీల్లో కూడా తరచుగా ఉండేది ఒక కెపాసిటరే. ఇంటి మీటరు యూనిట్లనే లెక్కిస్తుంది కాబట్టి దాంతో బిల్లు సగమవుతుందన్న మాట నమ్మొద్దు. పొలంలో కెపాసిటర్ లాభం వేరు. లైనులో కరెంటు తగ్గి, చివరనున్న మోటారుకు వోల్టేజి కాస్త మెరుగ్గా అందుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తగ్గుతుంది. ఒక్కరు పెడితే పిసరంత లాభం. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరూ పెడితే అందరి మోటార్లకూ మేలు. అందుకే దీని గురించి ఒక్క రైతు కాదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా కూర్చుని మాట్లాడుకోవాలి.

ఎంత సైజు? ఎక్కడ?

త్రీ ఫేజ్ మోటార్లకు సాధారణంగా వాడే సైజులివి:

3 హెచ్.పి. మోటారుకు 1 కె.వి.ఎ.ఆర్.
5 హెచ్.పి. మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్.
7.5 హెచ్.పి. మోటారుకు 3 కె.వి.ఎ.ఆర్.
10 హెచ్.పి. మోటారుకు 4 కె.వి.ఎ.ఆర్.

ఇంతకన్నా పెద్దది పెట్టొద్దు. కరెంటు పోయిన క్షణంలో మోటారు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కెపాసిటర్ మరీ పెద్దదైతే అది వదిలే విద్యుత్తుతో మోటారే జనరేటరులా మారి వోల్టేజి ఎగదన్నుతుంది. 'కెపాసిటర్ వల్ల మోటారు కాలింది' అన్న మాటల్లో కొన్ని ఇలా సైజు మించిన వాటివీ, నాసిరకం వాటివీ కావచ్చు.

కలపవలసిన చోటు స్టార్టర్ దాటిన తర్వాత, మోటారు వైపు. మోటారు ఆగితే కెపాసిటర్ కూడా లైను నుంచి తెగిపోవాలి. అప్పుడు దానిలోని విద్యుత్తు వైండింగ్ గుండా ఖాళీ అవుతుంది కూడా. ఓవర్‌లోడ్ రిలే తర్వాత కలిపితే రిలే గుండా పోయే కరెంటు తగ్గుతుంది కాబట్టి రిలే సెట్టింగు ఆ మేరకు తగ్గించమని మెకానిక్‌కు చెప్పండి. లేకపోతే లోడు ఎక్కువైనా రిలే పడదు, మోటారు కాలుతుంది. స్టార్ డెల్టా స్టార్టర్ అయితే కనెక్షన్ వేరు, తెలిసినవాడితోనే చేయించండి.

ఈ ఒక్క పని చెయ్యకండి

త్రీ ఫేజ్ కరెంటు లేని వేళ కండెన్సర్లు కట్టి, ఉన్న ఒకటి రెండు ఫేజుల మీదే త్రీ ఫేజ్ మోటారు నడిపే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. మోటారు తిరుగుతుంది, నిజమే. కానీ మూడు భుజాల మీద మోయాల్సిన బరువు ఒకటి రెండు భుజాల మీద పడుతుంది. ఆ ఫేజు ట్రాన్స్‌ఫార్మర్‌లో వేడెక్కుతుంది, మీ వైండింగ్ కూడా వేడెక్కుతుంది. ఒక్కరు ఒక రాత్రి తడుపుకున్న మడి కోసం పదిమంది పైరు ఎండవచ్చు.

ముట్టుకునే ముందు

1. మెయిన్ ఆపి ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది. అందుకే ఫ్యూజులు మీ దగ్గరే ఉండాలి.

2. కనీసం అయిదు నిమిషాలు ఆగండి. ఆగినా కెపాసిటర్‌లో కరెంటు ఉందనే అనుకోండి.

3. స్క్రూడ్రైవర్‌తో రెండు కొనలూ కలిపి టప్‌మనిపించడం మానండి. నిప్పురవ్వ కంటికి తగలవచ్చు, కెపాసిటర్ కూడా చెడుతుంది. మెకానిక్‌తో, పాతకాలపు తీగ బల్బులు రెండు వరుసగా కలిపిన ఇన్సులేషన్ వైర్లతో ఖాళీ చేయించండి. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. త్రీ ఫేజ్ దానికి మూడు కొనలుంటాయి. ఏ రెండిటి మధ్యా మిగలకుండా జతలు మార్చి మూడు సార్లూ చేయాలి. తర్వాత మీటరు పెట్టి చూడమనండి.

4. తడి చేతులతో, వట్టి కాళ్లతో, బావి అంచున నిలబడి డబ్బా తెరవొద్దు.

5. ఉబ్బినా, నూనె కారినా, మాడు వాసన వచ్చినా ఆ కెపాసిటర్ తీయించెయ్యండి. పాతది మంటలో వేయకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి.

6. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మీరు పోవద్దు. అది లైన్‌మన్ పని.

రేపు పొలం వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. మన డబ్బాలో కెపాసిటర్ ఉందా? ఉంటే దాని మీది అంకె మన మోటారుకు సరిపోతుందా? ఈ రెండూ కాగితం మీద రాసుకుని మెకానిక్ దగ్గరకు వెళ్లండి. ఇంట్లో మోటారు వేసే అందరికీ, ఆడవాళ్లకూ పిల్లలకూ, ఈ ఒక్క మాట చెప్పి ఉంచండి: లైన్లో కరెంటు పోయినంత మాత్రాన కెపాసిటర్‌లో పోయినట్లు కాదు.